ముందు గుమ్మం ఇక్కడ, పెరడు అక్కడ

మా బావమరిదికి ప్రయాణాల విషయంలో రెండు పిచ్చులున్నాయి. చిన్నప్పుడు టీవీలో చూసిన సినిమాలు ఎక్కడ తీశారో ఆరా తీసి, అక్కడికి వెళ్లి, ఆ హీరోయిన్ నిలబడ్డ చోటే నిలబడి ఫొటో దిగడం ఒకటి. ఈ సీజన్‌లో లోకమంతా ఎటు పోతోందో ఫోన్‌లో చూసి అటే పోవడం రెండోది. విడివిడిగా వస్తే రెండూ భరించదగ్గవే. కిందటి వేసవిలో కలిసొచ్చాయి.

"బావా, ఇప్పుడంతా కూల్‌కేషన్" అన్నాడు. ఎండాకాలం బీచ్‌లకు పోయి మాడిపోవడం పాత ఫ్యాషనట, చల్లటి కొండ ఊళ్లకు పోవడం కొత్త ఫ్యాషనట. "ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్. జులై ఆఖరు. పైగా అమ్మకి ప్రాణమైన 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా తీసింది అక్కడే కదా!"

అత్తగారి పేరు మధ్యలోకి లాగాక ఇంక అల్లుడు మాట్లాడేదేముంటుంది?

అక్కడ ఏడాది మొత్తంలో వానలు దంచికొట్టేది జులైలోనే. బావమరిది చల్లగా ఉంటుందని చూశాడు గానీ, ఎందుకు చల్లగా ఉంటుందో చూడలేదు. 1964లో షూటింగ్‌కి వెళ్లిన సినిమావాళ్లే వాన ఎప్పుడు తగ్గుతుందా అని కూర్చుని కూర్చుని, అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు అక్కడే ఉండిపోయారు. ఇది చాలదన్నట్టు, 1920 నుంచీ జరుగుతున్న సంగీతోత్సవాలు కూడా సరిగ్గా జులై రెండో సగంలోనే మొదలవుతాయి. కాబట్టి ఊళ్లో వానా ఉంది, జనమూ ఉన్నారు. హోటల్ గది మాత్రం ఊరవతల దొరికింది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని బావమరిది ఉత్సాహంగా సినిమా గురించి అడిగాడు. తను చూడలేదంది. అక్కడివాళ్లు చాలామంది చూడలేదట. వీడు అంత దూరం నుంచి వచ్చి ఆ పిల్లకి కథ చెప్పాడు.

ఈ పిచ్చి మా ఇంటికే పరిమితమైతే మందు వెతుక్కునేవాళ్లం. ఫిలడెల్ఫియాలో ఆర్ట్ మ్యూజియం ముందు 72 మెట్లున్నాయి. 1976లో వచ్చిన 'రాకీ'లో హీరో వాటిని పరిగెత్తి ఎక్కాడని జనం ఇప్పటికీ పరిగెత్తి ఎక్కి, పైన రెండు చేతులూ ఎత్తి, లోపలున్న బొమ్మల వంకైనా చూడకుండా దిగిపోతుంటారు. థాయ్‌లాండ్‌లో మాయా బే అయితే 2000లో ఒక హాలీవుడ్ సినిమాలో కనబడ్డ పాపానికి, జనం తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతిని 2018లో మూతపడింది. మళ్లీ 2022లో గానీ తెరుచుకోలేదు.

సరే, మా సంగతి. మొదట మిరాబెల్ తోట. మా సినిమాలో సరిగమలు నేర్పే పాట చివర్లో పిల్లలంతా గెంతుతారే, ఆ మెట్లు ఇక్కడివే. మేం వెళ్లేసరికి ఆ మెట్ల మీద గొడుగులు తప్ప మెట్లు కనబడలేదు. కింది మెట్టు మీద ఒక బృందం మొదటి స్వరం అందుకుంటోంది, పై మెట్టు మీద ఇంకో బృందం ఆఖరి స్వరం దగ్గరుంది, మధ్యలో ఒకాయన మూడోదాని దగ్గర ఆగిపోయి తన భార్య ఫోన్ అన్‌లాక్ చేసేదాకా నోరు తెరిచే ఉంచాడు. అత్తగారు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మనిషి. కాసేపు విని, "ఇదంతా మన శంకరాభరణమే. కానీ ఒక్కడూ శ్రుతిలో లేడు" అని తేల్చేశారు. మా వంతు వచ్చేసరికి వాన పెరిగింది. బావమరిది రెయిన్‌కోటు టోపీ ముక్కు దాకా లాక్కుని గెంతాడు. ఆ వీడియోలో ఉన్నది వీడేనని నేను చెబితే నమ్మాలి తప్ప సాక్ష్యం లేదు.

అక్కణ్నుంచి ఇంటికి. అంటే, సినిమాలో ఆ కుటుంబం ఉండే ఇంటికి. ముందు పసుపు రంగు గోడలు, పెద్ద గేటు, వెనక మెట్లు దిగితే చెరువు, పడవ. అత్తగారికి ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో మా ఇంటికంటే బాగా తెలుసు. ఆ ముందు భాగం ఫ్రోన్‌బర్గ్ అనే భవనం. ఇప్పుడది సంగీత విశ్వవిద్యాలయం విద్యార్థుల హాస్టల్. గేటు బయటే నిలబడి చూశాం.

"బానే ఉంది. ఇక పెరట్లోకి పదండి" అన్నారు అత్తగారు, పక్క సందులోంచి దారి ఉన్నట్టు.

"పెరడు ఇక్కడ లేదమ్మా."

"లేకపోవడమేమిట్రా?"

"లియోపోల్డ్స్‌క్రాన్ చెరువు ఒడ్డునుంది. రెండు మూడు కిలోమీటర్లు."

"మరి హాలు? మెట్లు? పిల్లల గది?"

"హాలీవుడ్‌లో సెట్టు వేశారు."

"పెళ్లి జరిగిన చర్చి?"

"మోండ్‌సీ అని వేరే ఊరు. దాదాపు 30 కిలోమీటర్లు."

అత్తగారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "అంటే ఆ హీరోయిన్ పిల్ల వీధి తలుపు తీసి లోపల అడుగు పెడితే అమెరికాలో తేలుతుంది. పెరట్లోకి వస్తే మళ్లీ ఈ ఊళ్లో పడుతుంది. అందుకే పాపం అంత సన్నగా ఉంటుంది."

అక్కడితో ఊరుకుంటే పోయేది. వీడికి నిజాలు చెప్పే ఊపొచ్చింది. సినిమా ఆఖర్లో ఆ కుటుంబం హిట్లర్ నాజీలకు భయపడి కొండ దాటి స్విట్జర్లాండ్ పారిపోతుంది కదా, నిజానికి ఈ ఊళ్లో కొండ దాటితే వచ్చేది జర్మనీ అన్నాడు.

"ఎవరికి భయపడి పారిపోతున్నారో వాళ్లింటికేనా?" అంది మా ఆవిడ.

"ఈ కథకు మూలమైన అసలు కుటుంబం 1938లో రైలెక్కి ఇటలీ వెళ్లింది."

అత్తగారు కొడుకు వంక చూసిన చూపుకి వాడు చెరువు దాకా నోరెత్తలేదు. చెరువు బాగుంది. వానలో చెరువులన్నీ బాగానే ఉంటాయి.

ఇక మిగిలింది అద్దాల మండపం. ప్రేమ పాటలూ, వానలో గంతులూ అందులోనే. దాన్ని చెరువు దగ్గర్నుంచి పీకి హెల్‌బ్రున్ కోట తోటలో పెట్టారు. తలుపుకి తాళం. ఆ డాన్సు కూడా ఇందులో కాదట, ఇది చిన్నదని హాలీవుడ్‌లో పెద్దది కట్టి అందులో తీశారట. ఈ మాట వీడు చెప్పలేదు, పక్కనున్న గైడు ఎవరికో చెబుతుంటే అత్తగారే విన్నారు. "మనం హాలీవుడ్ వెళ్లాల్సింది" అన్నారు.

అప్పుడు ఎండ వచ్చింది! పొద్దుట్నుంచీ ఒక్క చుక్క ఒంటి మీద పడకుండా కాపాడుకొచ్చిన బావమరిది విజయగర్వంతో రెయిన్‌కోటు విప్పి మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. "ఇక్కడి ఫౌంటెన్లు కూడా చూసేద్దాం బావా, సినిమాతో సంబంధం లేదు" అన్నాడు.

సినిమాతో లేదు నిజమే. మార్కస్ సిట్టికస్ అనే ఆర్చ్‌బిషప్ నాలుగు వందల ఏళ్ల కిందట కట్టించుకున్న విలాస భవనం అది. ఆయన సరదా అంతా వచ్చిన అతిథుల్ని తడిపించడం. గైడు మమ్మల్ని ఒక పొడవాటి రాతి బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. చుట్టూ రాతి ఆసనాలు. ఎవరైనా వచ్చి కూర్చుంటారా అని ఆవిడ అడగడం పూర్తి కాకముందే వీడు వెళ్లి కూర్చుని ఫోన్‌లో సెల్ఫీ పెట్టుకున్నాడు. ప్రతి ఆసనం మధ్యలో చిన్న కన్నం ఉంది. మా ఆవిడ చూసింది, నేనూ చూశాను. తమ్ముడికి చెబుదామా అన్నట్టు నా వంక చూసింది. పొద్దుట్నుంచీ నడిచిన నడక నాకు గుర్తొచ్చింది.

పెద్దదాన్ని కదా అని అత్తగారు బల్ల కొసన ఉన్న ఆసనంలో కూర్చున్నారు.

గైడు ఎక్కడో ఏదో తిప్పింది. వాడి కిందనుంచి నీళ్లు ఒక్క ఉదుటున లేచాయి. వాడూ లేచాడు. అయితే వెనక నేలలోంచి కూడా ధారలు లేచి బల్ల చుట్టూ గోడ కట్టేశాయి. అటు పోతే అటు, ఇటు పోతే ఇటు. కొసన ఉన్నది ఆర్చ్‌బిషప్ ఆసనం. అదొక్కటే తడవదు. ఆయన లేచేదాకా అతిథులు లేవడం మర్యాద కాదని, అందుకే ఆ రోజుల్లో ఎంత తడిసినా అలాగే కూర్చునేవారని గైడు నవ్వుతూ చెబుతోంది.

"అమ్మా! లేవవే! నువ్వు లేస్తే ఆపేస్తుందేమో!" అని అరిచాడు బావమరిది.

అత్తగారు శాలువా సర్దుకున్నారు. "ఉండరా. పొద్దుట్నుంచి ఇప్పటికి కూర్చోవడానికి ఒక చోటు దొరికింది."