ర్యాంకు టార్గెట్ ఎవరి కోసం?

జేఈఈలో వెయ్యి లోపు, నీట్‌లో పది వేల లోపు. ఇంటర్‌లో చేరీ చేరగానే పిల్లల ముందు ఇలాంటి అంకె ఒకటి పెట్టి, దాన్నే మార్గదర్శనం అంటున్నారు. నేను ఒప్పుకోను. రేపు పొద్దున స్టడీ అవర్‌లో కూర్చున్న పిల్లవాడు ఆ అంకెతో ఏం చేయాలి?

ర్యాంకు విద్యార్థి చేతిలో ఉండదు. పేపరు ఎంత తేలిగ్గా వచ్చింది, మిగతావాళ్లు ఎలా రాశారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. 2023 నీట్‌లో 650 మార్కులకు పది వేల లోపు ర్యాంకు వచ్చింది. 2024లో అవే మార్కులకు 20 వేలు దాటింది. శ్రమలో ఏ లోటూ లేకపోయినా, టార్గెట్ లెక్కలో ఆ విద్యార్థి ఓడినట్టే. ఎంత అన్యాయం!

మితభాషి అయిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధులో దూకుడు తేవడానికి కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను కోర్టులో నిలబెట్టి గొంతెత్తి అరవమన్నారు. అది అప్పటికప్పుడు చేయగలిగిన పని. చేసిందో లేదో ఇద్దరికీ తెలుస్తుంది. సలహా అంటే అలా ఉండాలి. ‘ఫిజిక్స్‌లో వెనకబడ్డావు, బాగా చదువు’ అనడానికి లెక్చరరే అక్కర్లేదు. వారాంతపు పరీక్షల జవాబు పత్రాలు ముందుంచుకుని, తప్పులు సూత్రం అర్థంకాక వచ్చాయా, తొందరపాటుతో వచ్చాయా అని మొదట విద్యార్థినే అడగాలి. అతడు చెప్పింది విన్నాక, ‘ఈ వారం రోజుకు పది లెక్కలు చెయ్యి, ప్రతిదానికీ ముందు బొమ్మ గీయి’ అనాలి.

పెద్ద లక్ష్యం లేకపోతే పిల్లలు బద్ధకిస్తారని కొందరి వాదన. ఐఐటీ కోరిక పిల్లవాడిదే అయితే నిక్షేపంగా ఉండనివ్వండి. దాన్ని ఈ వారం చేయగల పనిగా విడగొట్టి ఇవ్వడమే శిక్షకుడి బాధ్యత.

అసలు ఈ టార్గెట్ అవసరం కాలేజీలది. వచ్చే ఏడాది అడ్మిషన్లకు హోర్డింగుల మీద ఫొటోలు కావాలి. ర్యాంకులకు హామీ ఇవ్వొద్దని, 16 ఏళ్లలోపు పిల్లలను చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో కోచింగ్ జూనియర్ కాలేజీ తరగతిలోనే కలిసిపోయింది. కాబట్టి ర్యాంకు హామీలపై నిషేధాన్ని కాలేజీలకూ కచ్చితంగా వర్తింపజేయాలి. తల్లిదండ్రులు కూడా సమావేశానికి వెళ్లినప్పుడు ర్యాంకు ఎంత వస్తుందని అడగడం మానేసి, మా పిల్ల ఏ పాఠంలో ఆగిపోయింది, ఆమె పక్కన కూర్చుని చెబుతున్నది ఎవరని నిలదీయాలి.