ఆరో సబ్జెక్టు గారికి

మహారాజశ్రీ 402 గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి ఒక పదో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాయునది.

మార్కుల జాబితాలో ఆరో సబ్జెక్టుగా మీ పేరు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అని ఉంటుంది గానీ, సీబీఎస్‌ఈ తగిలించిన నంబరు చెబితేనే బడిలో ఎవరైనా మిమ్మల్ని గుర్తుపడతారు. వృత్తి నైపుణ్యాల సబ్జెక్టుల్లో మీకు తోబుట్టువులు చాలామందే ఉన్నారు: 401 రిటైల్, 405 ఫైనాన్షియల్ మార్కెట్లు, 408 వ్యవసాయం, 411 బ్యాంకింగు-బీమా, 412 మార్కెటింగు, 417 కృత్రిమ మేధ. తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడు వీటిలో నచ్చింది తీసుకోవచ్చని విని ముచ్చటపడ్డాను. మా అమ్మాయికి 405 మీద మనసైంది. షేర్ల బజారులో డబ్బు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలని తన సరదా. తీరా దరఖాస్తు తీసి చూస్తే, ఐచ్ఛిక సబ్జెక్టు గడిలో మీ నంబరు ముందే అచ్చయి ఉంది. కౌంటరులో అడిగాను. "405కి మేడమ్ లేరు సార్. కంప్యూటర్ సార్ ఉన్నారు కదా, అందుకని అందరికీ 402" అన్నారు. పోటీలో ఇంకెవరూ లేరు కాబట్టి తమరు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అభినందనలు.

బడి మిమ్మల్ని ఎందుకు పోషిస్తోందో మొదటి తల్లిదండ్రుల సమావేశంలో తెలిసింది. "లెక్కలు, సైన్సు, సోషల్... వీటిలో ఒకటి పోయినా కంగారు పడకండి. 402 పాసైతే చాలు, పోయినదాని స్థానంలో అది లెక్కకొస్తుంది" అని ప్రిన్సిపాల్ గారు అభయమిచ్చారు. నిజమే, బోర్డు నిబంధన అలాగే ఉంది. అప్పటిదాకా మీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగని తండ్రుల ముఖాలు ఆ మాటతో వెలిగిపోయాయి. అంటే తమరు లారీ కింద వేలాడే స్టెపినీ అన్నమాట. పంక్చరైన రోజున దించుతారు, మిగతా రోజుల్లో అందులో గాలి ఉందో లేదో కూడా చూడరు. పైగా మీ గాలి తీసేది ఎవరనుకున్నారు? డిసెంబరు దాటాక మీ పీరియడ్లలో ఒకటి లెక్కల సార్ పట్టుకెళ్లారు, ఇంకొకటి సైన్స్ మేడమ్ పట్టుకెళ్లారు. సిలబస్ పూర్తి కాలేదట. తప్పినవాళ్లను ఆదుకోవడానికి మీరున్నారు, తప్పకుండా చూడటానికి మీ పీరియడ్లున్నాయి. ఇంతకంటే త్యాగం ఏ సబ్జెక్టు చేస్తుంది?

వృత్తి విద్య అనే మీ వంశం చరిత్ర కూడా కొంత చదివాను. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నప్పుడు మీ ముత్తాత పుట్టాడు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ మీ తాతకు 'సమాజోపయోగ ఉత్పాదక శ్రమ' అని నోరు తిరగని పేరు పెట్టింది. మా బడిలో ఆ పీరియడ్‌లో హెడ్మాస్టరు గారి గులాబీ మొక్కలకు నీళ్లు పోశాం. ఉత్పాదకతకు లోటు లేదు, పూలు బాగానే పూశాయి. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ పిల్లల్లో 10 శాతాన్ని 1990 నాటికి, 25 శాతాన్ని 1995 నాటికి వృత్తి కోర్సుల్లో చేర్చాలంది. కుదరలేదు. 1992లో అవే అంకెలను 1995కి, 2000కి జరిపారు. అదీ కుదరలేదు. చివరికి 2020 విధానం, 2025 నాటికి కనీసం 50 శాతం విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలంది. పది శాతం దగ్గరే చతికిలబడ్డవాళ్లు యాభై శాతం రాసుకోవాలంటే గుండె ధైర్యం ఉండాలి. అది మీ పాఠాల్లో నేర్పరు గానీ, నేర్పవలసినదే.

పాఠాల మాట వచ్చింది కనుక చెబుతాను. మీ రాతపరీక్ష 50 మార్కుల్లో 10 ఉపాధి నైపుణ్యాలకు. అందులో ఒత్తిడిని అదుపులో పెట్టుకోవడం ఒక అంశం: వ్యాయామం చేయాలి, వేళకు తినాలి, కంటినిండా నిద్రపోవాలి. మా అమ్మాయి ఈ జాబితాను రాత్రి పదకొండు దాటాక, రెండోసారి కాఫీ తాగుతూ బట్టీ పట్టింది. అదే భాగంలో సొంత వ్యాపారం గురించి జనంలో ఉన్న అపోహలు అనే పాఠమూ ఉంది. అపోహలను బట్టీ పట్టి, పరీక్షలో అప్పజెప్పి, మార్కులు తెచ్చుకోవాలి.

నిజానికి మీ పుణ్యమా అని వ్యాపారం నేర్చుకున్న మనిషిని ఒక్కణ్ణే చూశాను. బడి ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టు అబ్బాయి. ప్రాక్టికల్ ఫైలు ఇవ్వాలని బడి నుంచి సందేశం రాగానే వెళ్లాను. నేను నోరు తెరవకముందే "402 పదా, తొమ్మిదా?" అన్నాడు. పోయినేటి ఫైలు కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది. స్టైల్స్ మార్చిన పత్రం, లెక్కల పట్టిక, డేటాబేస్ టేబుల్, అన్నింటి తెర బొమ్మలూ వరసగా ఉన్నాయి. పేరు, రోల్ నంబరు మార్చి ఇస్తాడు. రంగుల్లో కావాలంటే ఒక ధర, నలుపు తెలుపులో ఒక ధర, స్పైరల్ బైండింగ్ విడిగా. "తప్పులు కూడా పెడతారా? అందరివీ ఒకేలా ఉంటే సార్ అడుగుతారేమో" అన్నాను వెటకారంగా. అతను మాత్రం నింపాదిగా, "ఫైలుకు రెండు పేజీలు అటూ ఇటూ మారుస్తున్నాను సార్" అన్నాడు. ఏ నెలలో గిరాకీ ఉంటుందో తెలుసు, ఏ బడికి ఏ తేదీ ఆఖరో తెలుసు, సరుకు ముందే సిద్ధం, కొనేవాడి భయం మీద పూర్తి పట్టు. మీ పుస్తకంలో వ్యాపారికి ఉండాలని రాసిన లక్షణాలన్నీ ఆ నాలుగడుగుల కొట్టులో ఉన్నాయి. మీ వల్ల ఉపాధి కలగలేదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

ఇన్ని అంటున్నానని మీలో సరుకు లేదనుకునేరు. ఉంది. నా కోపమంతా అందుకే.

ఇందుకూరుపేట వైపు మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడికి ముందు కంపెనీ మనిషి వచ్చి వల విసిరి, కిలో తూచి, ట్రేలో పోసి ఒక్కొక్కటే లెక్కపెడతాడు. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర పెద్దది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, ఇప్పుడే పట్టేయాలా, ఇంకొన్నాళ్లు మేత వేసి కౌంటు దించాలా అని ఊరంతా తలలు పట్టుకుంది. ఆ రాత్రి మా అమ్మాయి నా మేత పుస్తకం లాక్కుని కూర్చుంది. సీడు, మేత, కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు, కౌలు, కూలి అన్నీ పట్టికలో వేసింది. గోల్ సీక్ అనే సాధనంతో, కిలో ఎంతకు పోతే పెట్టుబడి చేతికొస్తుందో వెనక నుంచి లెక్క కట్టింది. తర్వాత సినారియోలట: సుంకం ఇలాగే ఉంటే ఒకటి, ధర ఇంకా పడితే ఒకటి, గుంటకు వైట్ స్పాట్ తెగులు తగిలితే ఒకటి. మూడో దాని అడుగున వచ్చిన అంకె చూసి మా ఆవిడ "ఇది కొట్టేయమ్మా, ఇంట్లో ఉంచకూడదు" అంది. ఇన్నేళ్లుగా నేను వేళ్ల మీద వేసుకున్న లెక్క, పదిహేనేళ్ల పిల్ల భోజనం వేళకు తేల్చింది. ఇదంతా మీ పదో తరగతి సిలబస్‌లోనిదే. నేను మీకు చేతులెత్తి దండం పెట్టినది ఆ ఒక్క రాత్రే.

తర్వాతి వారం బడిలో యూనిట్ టెస్టు. ప్రశ్న: గోల్ సీక్ ఏ మెనూలో ఉంటుంది? మా ఇంట్లో ఉన్నది ఎక్సెల్, అందులో అది 'డేటా' కింద ఉంటుంది. అమ్మాయి అదే రాసింది. మీరు నేర్పేది ఇంకో సాఫ్ట్‌వేర్, లిబ్రే ఆఫీస్‌ కాబట్టి 'టూల్స్' అని రాయాలి. మార్కు పోయింది. రెండు గుంటల భవిష్యత్తు తేల్చిన పిల్లకు ఆ గుంట తవ్వే పార ఎక్కడ పెట్టారో తెలియదని నిర్ధారణ అయింది.

మా నెల్లూరు వీఆర్సీ సెంటరులో నిలబడి చుట్టూ చూడండి. ర్యాంకుల ఫ్లెక్సీలే. ఐఐటీ, నీట్, పదిలో లెక్కలకు వందకు వంద. 402లో వందకు వంద అని ఎవరి బొమ్మా ఎక్కలేదు. స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ నాడు జనం నీళ్లలో దిగి, కోరికను బట్టి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, వ్యాపార రొట్టె అని పేరుపేరునా అడిగి పుచ్చుకుంటారు. మూడింటికీ పనికొస్తానని మీరు చెప్పుకుంటున్నారు గానీ, ఆరో సబ్జెక్టు రొట్టె కావాలని అడిగినవాడు ఇంతవరకు నా కంటపడలేదు.

మా చిన్నవాడు జూన్‌లో తొమ్మిదికి వస్తాడు. బడివారి కొత్త కరపత్రం అప్పుడే ఇంటికొచ్చింది. ఈసారి గడిలో అచ్చయి ఉన్నది 417, మీ తమ్ముడు కృత్రిమ మేధ. మేడమ్ దొరికారా అని ఫోను చేసి అడిగాను. కంప్యూటర్ సారే చెబుతారట.

ఇట్లు,
ఆరు సబ్జెక్టులకూ ఫీజు కట్టిన తండ్రి

తా.క.: జిరాక్స్ కొట్టు అబ్బాయి 417 ప్రాక్టికల్స్ ఎలా ఉంటాయో వాకబు చేస్తున్నాడు. ఎండాకాలం సెలవుల్లోనే ఫైలు తయారు చేసి పెట్టుకోవాలని అతని ఆలోచన. మీ తమ్ముడి సిలబస్ ఏమైనా ఉంటే నేరుగా అతనికే పంపించగలరు. బడికి పంపితే జనవరి దాకా పిల్లలకు అందదు.