పొగ గొట్టం కింద నిలబడి చూస్తే

పంట వ్యర్థాలు కాల్చి కరెంటు తీస్తే కాలుష్యమే ఉండదని, మొక్క పీల్చుకున్న కార్బనే తిరిగి గాల్లోకి వెళ్తుందని ఒక రచయిత తన వ్యాసంలో రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. మాది చిత్తూరు జిల్లా. 11 ఏళ్లుగా బెంగళూరు పీణ్యలో బాయిలర్ పని చేస్తున్నాను. వేరుశెనగ పొట్టు, రంపపు పొట్టు బ్రికెట్లు (గట్టిగా నొక్కి చేసిన దిమ్మెలు) కాలుస్తాం.

వానాకాలంలో సరుకు తడిసి వస్తుంది. వేడిలో చాలా భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, మంట అందుకోక నల్లటి పొగ లేస్తుంది. ఊకతో మరో బాధ. బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. గడ్డిలో ఉండే పొటాషియం వల్ల బూడిద మెత్తబడి బాయిలర్ ట్యూబుల మీద రాయిలా పేరుకుంటుంది. దాన్ని గీకడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఇంతకుముందు పనిచేసిన చోట పొగలోని మసిని వడకట్టే గుడ్డ సంచి, అదే బ్యాగ్ ఫిల్టర్, చిరిగి రెండు నెలలైనా మార్చలేదు. పక్క వీధిలో ఆరేసిన బట్టల మీద మసి పడేది. ఆ ఇళ్లవాళ్లు వచ్చి అడిగితే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చక్కెర మిల్లుల పద్ధతి నాకు నచ్చుతుంది. చెరకు పిప్పి అక్కడే ఉంటుంది, కరెంటు తీశాక మిగిలిన ఆవిరితో రసం మరిగిస్తారు. బ్రిటన్‌లోని డ్రాక్స్ కరెంటు ప్లాంటులా సముద్రం దాటించి కలప గుళికలు తెప్పించుకోవడం మాత్రం మనకు వద్దు. నరికిన చెట్టు మళ్లీ అంత కావడానికి దశాబ్దాలు పడుతుంది.

రచయిత గారూ, ఈసారి ఫిల్టర్ల గురించి కూడా రాయండి.