బోనీ ఎం పాటల్లో బీటు ఒక్కటే ఉందా?

డెబ్బైల నాటి డిస్కో హిట్లలో బీటు తప్ప ఏమీ లేదని ఒకాయన రాశారు. నేను ఒప్పుకోను. 1978లో బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ అయిన, డిస్కో బృందం బోనీ ఎం పాడిన 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' తీసుకోండి. అసలు పాట జమైకా బృందం మెలోడియన్స్‌ది. మాటలు చాలావరకు బైబిల్ 137వ కీర్తనలోవి. సొంత దేశం పోగొట్టుకుని నది ఒడ్డున ఏడ్చినవాళ్ల బాధ అది. మా వైజాగ్‌లో క్యాసెట్ పెట్టగానే కుర్రాళ్లు స్టెప్పులేసేవారు, చర్చికి వెళ్లే పెద్దవాళ్లు ఆ కీర్తనను గుర్తుపట్టి పక్కన కూర్చుని వినేవారు. ఎన్ని పాటలకు ఆ బలం ఉంటుంది? వాళ్లదే ఇంకో పాట 'డాడీ కూల్' నాకూ పెద్దగా ఎక్కదు. బృందంలోని డాన్సర్ బాబీ ఫారెల్ స్టేజీ మీద పెదాలు కదిపితే, రికార్డులో మగ గొంతు నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది, అదీ నిజమే. కానీ బృందంలోని గాయని లిజ్ మిచెల్ గొంతు మాత్రం అచ్చంగా ఆవిడదే. ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి సార్.