మా యాస పనిమనిషి పాత్రకేనా?

ఒడిశా దక్షిణ కొసన పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఉన్న మా తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు చదవడం, రాయడం రానివాళ్లే ఎక్కువ. గడప దాటితే వాళ్లకు దొరికే తెలుగు టీవీలో, సినిమాల్లో, ఫోన్ రీల్స్‌లో ఉన్నదే. అందుకే తెరమీద మమ్మల్ని ఎలా చూపిస్తున్నారన్నది మాకు చిన్న విషయం కాదు.

మాది ఉత్తరాంధ్ర యాసే. "ఏటి" (ఏమిటి), "బేగి రా" (త్వరగా రా) అనే మనిషి తెరమీదికొచ్చాడంటే చాలాసార్లు వాచ్‌మనో, పనివాడో, పట్నంలో లిఫ్ట్ ఎక్కడం తెలియని అమాయకుడో అయ్యుంటాడు. తెలంగాణ యాసకూ దశాబ్దాలపాటు ఇదే గతి పట్టించారు. అక్కడి రచయితలు, దర్శకులు తమ కథలు తామే చెప్పుకున్నాక అది మారింది. ఉత్తరాంధ్ర యాసలో కూడా ఇప్పుడిప్పుడే ఒకరిద్దరు హీరోలు మాట్లాడుతున్నారు, సంతోషమే. కామెడీ స్కిట్లు మాత్రం పాత దారి వదల్లేదు.

శ్రీకాకుళం పిల్లాడికి అదే యాసలో మాట్లాడే టీచరు, డాక్టరు, ఎమ్మెల్యే కళ్ల ముందే ఉంటారు. తెరమీది వెక్కిరింపు వాళ్లను చూస్తే తేలిపోతుంది. మా పిల్లాడి చుట్టూ ఆఫీసు, కోర్టు, కాలేజీల్లో ఎక్కువగా వినిపించేది ఒడియానే. స్నేహితులు పక్కనుండగా అమ్మ "బేగి రా" అని కేకేస్తే వాడు తల దించుకుని ఒడియాలో జవాబిస్తాడు. కొన్నాళ్లకు అమ్మ కూడా ఒడియాలోనే పిలుస్తుంది. ఇంట్లో తెలుగు పోయేది ఇలాగే.

ప్రకటనల్లో కొంత దిద్దుబాటు జరిగింది. నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో చెప్పింది. ఆడ, మగ మూసపాత్రల మీద 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. జనం గట్టిగా నిలదీశారు కాబట్టే ఆ మార్పు వచ్చింది. యాస విషయంలో మేం ఇంకా నోరు విప్పలేదు.

అయితే మేం కూడా జవాబు చెప్పాల్సింది ఒకటుంది. సినిమాలో ఆదివాసీలంటే తలమీద ఈకలు, మెడలో ఎముకల దండలు, మంట చుట్టూ గెంతులు. అది చూసి మా ఇళ్లలోనూ నవ్వుతారు. పొద్దున సంతలో మా పక్క కొండల్లోని సవర ఆదివాసీ ఆవిడ దగ్గర పసుపు, చింతపండు బేరమాడి కొన్నవాళ్లే సాయంత్రం నవ్వుతారు. ఆ సవరలకు 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొంత లిపి ఉంది, గోడల మీద దేవతల కోసం గీసే బొమ్మలున్నాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. అంత పని జరిగిన నేల మీద ఉండి మనం పక్కవాళ్లను చూసి నవ్వితే, మన యాసను వెక్కిరించొద్దని ఏ ముఖంతో అడుగుతాం?

ఆదివాసీ సీన్ రాసే తెలుగు రచయిత ముందుగా గుణుపురం వచ్చి ఒక సవర టీచరుకు ఆ సీన్ కాగితాలు చూపించాలి. మా యాసలో పాత్ర రాసేవాళ్లు ఒక్కసారైనా ఆ డైలాగులు డాక్టరు నోట పలికించాలి.