తప్పంతా బస్సులదేనా?
ఇంగ్లండ్‌లోని లింటన్–బార్న్‌స్టేపుల్ రైలును మోటారు బస్సులే మింగేశాయని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. 1898లో డెవాన్ కొండల్లో ఆ లైను వేసినప్పుడే మెడకు గుదిబండ కట్టారు. ఖర్చు తగ్గుతుందని దాదాపు రెండడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) వేశారు, దాంతో సరుకంతా బార్న్‌స్టేపుల్‌లో దించి పెద్ద గేజి రైళ్లలోకి మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. అంతకన్నా ఘోరం, లింటన్ స్టేషన్‌ని ఊళ్లో కాకుండా ఊరికి చాలా ఎత్తున కొండ మీద కట్టడం! పెట్టెలు మోసుకుంటూ ఆ ఏటవాలు దిగినవాడు, ఇంటి ముందు బస్సు ఆగుతుంటే మళ్లీ రైలెక్కుతాడా? పైగా 19 మైళ్లకు గంటన్నర ప్రయాణం. 1923లో సదరన్ రైల్వే అనే బ్రిటిష్ కంపెనీ చేతికొచ్చాక కొత్త ఇంజిను కూడా తెచ్చారు. అయినా 1935 సెప్టెంబరులో మూసేశారు. ఆ లైనులోని వుడీ బే స్టేషన్ దగ్గర ఔత్సాహికులు మళ్లీ నడుపుతున్న ముక్క నేనూ ఎక్కాను. షికారుకి బాగుంది, సంతకెళ్లే రైతుకి మాత్రం ఆ వేగం చాలదు.