లోకల్ ఏరియా కనెక్షన్ నక్షత్రం పది గారికి

మహారాజశ్రీ లోకల్ ఏరియా కనెక్షన్ నక్షత్రం పది గారి సముఖమునకు, అనగా నా కంప్యూటర్‌లోని నెట్ కనెక్షన్ల జాబితాలో ‘* 10’ అనే గుర్తుతో కూర్చున్న తమరికి, కాకినాడ నుంచి ఈ కంప్యూటర్ కొనుక్కున్నవాడు వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీ క్షేమం కనుక్కుందామని కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెరలో, అడిగితే ‘మీడియా డిస్‌కనెక్టెడ్’ అని వచ్చింది. అది మీకు ఆరోగ్యమో అనారోగ్యమో తేలాక ఆ ముక్క రాస్తాను.

మా ఇంట్లో మీ మీద పడిన నిందలన్నీ ఎవరూ మీకు చెప్పి ఉండరు. మోసినవారికి తెలియాలి కదా అని ఈ ఉత్తరం.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోన్లన్నిటికీ నెట్ వస్తోంది, కంప్యూటర్‌కి మాత్రం రావడం లేదు. వైఫై గుర్తు నిండుగానే ఉంది, కానీ ఏ సైటు కొట్టినా తెరుచుకోదు. అదృష్టమో మరొకటో, మా బావగారు అప్పుడు ఇంట్లోనే ఉన్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమా చేశారు. తర్వాత బ్యాంకులో చేరి అక్కడే రిటైరయ్యారు గానీ, మా రెండు కుటుంబాల్లో ఏ ప్రింటర్ మొరాయించినా ఆయన్నే పిలవాలి. పిలవకపోయినా వస్తారు. కుర్చీ లాక్కుని, నల్ల తెర తెరిచి, ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ అని కొట్టారు, అంటే ఉన్న నెట్ కనెక్షన్లన్నీ చూపించమని. జాబితా సర్రున పైకి పోయింది. ఆయన కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, కళ్ళజోడు సవరించుకుని, “ఎవడు వీడు?” అన్నారు.

అది మీరే.

మాకు తెలిసింది వైఫై ఒక్కటే. తీరా చూస్తే ఆ జాబితా బోగస్ పేర్లు ఎక్కించిన రేషన్ కార్డులా ఉంది. తీగతో నెట్ తెచ్చే ఈథర్నెట్ 5 ఉంది, అంతకు ముందు నలుగురూ ఏమయ్యారో లేదు. (ఆ కథ తర్వాత తెలిసింది. కరెంటు పోయినప్పుడల్లా పిల్లలు ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ వాడుకుంటారు. ఫోన్ మారినా, తీగ పెట్టే రంధ్రం మారినా, విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త పరికరం కింద లెక్కేసి కొత్త అంకె ఇస్తుంది. పాతవాటిని కొట్టేయదు, దాచిపెడుతుంది.) బ్లూటూత్ పేరుతో ఒకటి ఉంది. మీ పైన నక్షత్రం తొమ్మిది అని మీ తోబుట్టువు ఉంది. పూజలో సంకల్పం చెప్పించే పంతులుగారు గోత్రం, నక్షత్రం రెండూ అడుగుతారు. మీరు గోత్రం దాచిపెట్టి నక్షత్రం ఒక్కటే తగిలించుకున్నారు, అదీ అశ్వినో భరణో చెప్పకుండా.

మీ ఇంటిపేరు వాకబు చేయడానికి బావగారు కంప్యూటర్‌లోని పరికరాల చిట్టా ఉండే డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి, దాచిన పరికరాలు చూపించమని నొక్కారు. వ్యాన్ మినీపోర్ట్ అనే ఉమ్మడి కుటుంబం మొత్తం బయటపడింది. ఐకేఈవీ2, ఎల్2టీపీ, పీపీటీపీ, ఎస్ఎస్‌టీపీ, పీపీపీఓఈ... (బయటి నెట్‌వర్క్‌లకు కలిపే రకరకాల పద్ధతుల పేర్లవి.) “ఏ వ్యాన్? మన గుమ్మం ముందు పెట్టారా?” అంటూ అమ్మ వీధిలోకి వెళ్ళి చూసొచ్చింది.

మీ వివరాలు తెరిస్తే ‘వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్’ అని, దాని కింద ‘ఈ పరికరం సక్రమంగా పనిచేస్తోంది’ అని ఉంది. ఏం పని? అదొక్కటీ రాయలేదు. నా కంప్యూటర్‌లో, నా కరెంటుతో, ఎవరో ఏదో సక్రమంగా చేస్తున్నారట. నేను సంతోషించాలట.

ఇక మిమ్మల్ని నడిపించే ప్రోగ్రాం, అదే డ్రైవర్, దాని తేదీ చూశాక బావగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. 21 జూన్ 2006. “కంప్యూటర్ కొన్నది నిన్నగాక మొన్న, డ్రైవరేమో 2006 నాటిది. కుళ్ళిపోయి ఉంటుంది” అని తీర్పిచ్చారు. అది మీ పుట్టినరోజు కాదని ఆయనకెవరు చెప్పాలి? విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్లకు, నిన్నటికి నిన్న రాసినవాటికి కూడా, దాదాపు అన్నిటికీ అదే తేదీ వేస్తారు. ఒకే పరికరానికి రెండు డ్రైవర్లు సమానంగా సరిపోతే విండోస్ తేదీ చూసి కొత్తదాన్ని ఎంచుకుంటుంది. ఆ పరికరం తయారుచేసినవాళ్ళు ఇచ్చిన డ్రైవర్ కాస్త పాతదైనా సరే, దానికే పీట దక్కాలని తమవాటికి కావాలనే విస్టా అనే పాత విండోస్ కాలం నాటి తేదీ తగిలిస్తారు. పెద్దమనిషి తరహా. ఒప్పుకుంటాను. కానీ ఆ పెద్దరికం సంగతి పక్కన ఒక్క ముక్క రాయకపోతే, చూసేవాడికి కనిపించేది ముసలితనమే.

మీ మీద తర్వాతి కేసు ఫోర్జరీ. ఫిజికల్ అడ్రస్ అని పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసిన ముక్కొకటి ఉంటుంది. (మీకు ఒళ్ళే లేదు, ఫిజికల్ అడ్రస్ మాత్రం ఉంది. సరే.) మా వైఫైది ‘3సి’తో మొదలవుతుంది, మీది ‘3ఇ’తో. మిగతాదంతా ఒకటే. “ఒక్క అక్షరం మార్చి మన అడ్రస్ కొట్టేశాడు. పక్కా హ్యాకర్!” అన్నారు బావగారు. అప్పటికి టీ వచ్చింది కాబట్టి ఆ మాట మీద కాసేపు చర్చ నడిచింది. ఎదురింటాయన కూడా వచ్చి కూర్చున్నారు. పాస్‌వర్డులన్నీ మార్చాలని ఒకరు, బ్యాంకుకి ఫోన్ చేయాలని ఒకరు.

అసలు సంగతి చాలా చప్పగా ఉంటుంది. ఆ అడ్రస్‌లో మొదటి సగం ఏ కంపెనీదో చెప్పే భాగం. కంపెనీలకు దాన్ని పంచేది ఐఈఈఈ అనే సంస్థ. ఫ్యాక్టరీలో పడిన అడ్రస్ కాదు, ఇక్కడికిక్కడ ఏర్పాటు చేసుకున్నది అని తెలియజేయడానికి మొదటి జతలో ఒక బిట్, అంటే ఒక చిన్న గుర్తు, కేటాయించారు. అది పెట్టారంటే రెండో స్థానంలో 2, 6, ఎ, ఇ ఈ నాలుగింట్లో ఏదో ఒకటి వస్తుంది. అంటే మీరు దొంగ అడ్రస్ పెట్టుకోలేదు. ఇది సొంత ఏర్పాటు బాబూ అని అడ్రస్‌లోనే ఒప్పుకున్నారు. చదవగలిగినవాడికి అంతకన్నా నిజాయితీ ఇంకేం కావాలి? చదవగలిగినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేకపోవడమే మీ దురదృష్టం.

మీ పని కూడా నేను తర్వాత తెలుసుకున్నాను. మధ్యలో రౌటర్ అవసరం లేకుండా రెండు పరికరాలు నేరుగా మాట్లాడుకునే పద్ధతి వైఫై డైరెక్ట్. వైఫై అలయన్స్ దానికి సర్టిఫికెట్లు ఇవ్వడం 2010లో మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ తెరను తీగ లేకుండా టీవీలో చూపించాలన్నా, ల్యాప్‌టాప్‌ను హాట్‌స్పాట్ చేసి నలుగురికీ నెట్ పంచాలన్నా మీరే లేవాలి. లోపల రేడియో చిప్ ఒక్కటే. అది ఓ పక్క రౌటర్‌తో మాట్లాడుతూ ఇంకో పక్క టీవీతో మాట్లాడాలి కాబట్టి, రెండో మాటకు మీ పేరు పెట్టారు. పని లేనప్పుడు పడుకుంటారు. ‘మీడియా డిస్‌కనెక్టెడ్’ అంటే అదే. కనుక ఇప్పుడు రాస్తున్నాను: ఉభయకుశలోపరి.

ఈ పరిశోధనంతా జరగకముందే బావగారు మీ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘డిజేబుల్’ చేసేశారు. నెట్ రాలేదు. వచ్చిందల్లా ఏడు గంటలు. ఏడింటికి అమ్మ ఈ ల్యాప్‌టాప్‌లోనే దాచుకున్న ప్రవచనం టీవీలో పెట్టుకుంటుంది. ఆ వేళ టీవీ దొరకడం లేదంది ల్యాప్‌టాప్. అల్లుడిగారిని ఏమీ అనకూడదు కదా, అందుకని అమ్మ నన్ను తిట్టింది. “మంచిగా పనిచేసే వస్తువుని కెలక్కపోతే నీకు తోచదు” అని. బావగారు అది విని తల ఊపారు.

మీరు పోయినా నెట్ రాలేదు కాబట్టి కొత్త నేరస్థుడు కావలసి వచ్చాడు. దాచిన జాబితాలో ‘టెరిడో టన్నెలింగ్ సూడో ఇంటర్‌ఫేస్’ దొరికింది. “సూడో, అంటే ఉత్తుత్తివాణ్ణని తనే ఒప్పుకుంటున్నాడు చూడు” అన్నారాయన. పాపం, టెరిడో మీకన్నా పెద్దవాడు. పాత తరహా ఐపీవీ4 అడ్రసులున్న ఇళ్ళ నుంచి కొత్త తరహా ఐపీవీ6 లోకంలోకి దారి తవ్వడానికి మైక్రోసాఫ్ట్‌లో క్రిస్టియన్ హుయిటెమా రూపొందించిన పద్ధతి అది. దాని ప్రమాణపత్రం 2006 ఫిబ్రవరిలో వచ్చింది. ఓడల చెక్కను తొలిచే పురుగుకి లాటిన్‌లో టెరిడో అని పేరు. మొదట ఇంగ్లీషులో ‘ఓడ పురుగు’ అనే పెట్టారు గానీ, కంప్యూటర్ పురుగు అనుకుని జనం హడలిపోతారని మార్చారు. కోరంగిలో ఓడలు కట్టిన రోజుల్లో ఆ పురుగు చేసిన నష్టం మా వైపు వాళ్ళకి బాగానే తెలిసి ఉంటుంది. కాబట్టి ఈ పేరు కూడా మాకేమీ ధైర్యం చెప్పదు. 2018లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి దాన్ని మామూలుగా ఆపేసే ఉంచుతున్నారు. ఆగిపోయినవాడి పేరు జాబితాలో ఎందుకని అడగకండి. అడిగితే సక్రమంగా పనిచేస్తోందంటారు.

ఇక్కడ మీతో ఒక మాట చెప్పాలి. మీరెవరో తెలుసుకుందామని నా ఫోన్‌లో మీ పేరు కొట్టి వెతికాను. మీ గురించి మీరు చెప్పని మాటలన్నీ చెప్పడానికి వచ్చిన ఫలితాల్లో పైనే ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. ఎంత చక్కని భాష! ‘కంగారు పడకండి, మీ కంప్యూటర్‌లో తెలియని అడాప్టర్ ఉంది, మీ డ్రైవర్లు పాతబడ్డాయి, ఈ ప్రోగ్రాం వేసుకుంటే అన్నీ మేమే సరిచేస్తాం.’ కింద ఫోన్ నంబరు. దానికి చేస్తే మన తెర మనకే చూపిస్తూ, వాళ్ళు నడిపే ప్రోగ్రాం ఒకటి మనచేత వేయించి, ఇదిగో 2006, ఇదిగో హ్యాకర్ అని వరసగా చూపిస్తారు. అన్నీ నిజంగా తెర మీద ఉన్నవే. అర్థం ఒక్కటే వాళ్ళది. ఆ తర్వాత డబ్బు పోయి జనం సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తారు. కాపలా కాసే మీరేమో ‘సూడో’, ‘వర్చువల్’, ‘మినీపోర్ట్’ అని గొణుగుతారు. దోచుకునేవాడేమో నమస్కారం పెట్టి పేరు చెప్పుకుంటాడు. ఇంటాయన ఎవర్ని నమ్ముతాడు చెప్పండి? ఆయన దగ్గర ఏదైనా మార్చగల అడ్మినిస్ట్రేటర్ హోదా ఉంది, బటన్లు నొక్కడానికి. చదవడానికి ఏమీ ఇవ్వలేదు.

మా బావగారి అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చేసరికి వీళ్ళు ‘నెట్‌వర్క్ రీసెట్’ దాకా వెళ్ళారు. అది నొక్కితే మిమ్మల్నందరినీ పీకేసి మళ్ళీ పెడుతుంది. సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డులు కూడా పోతాయి. ఆ పిల్ల బ్యాగు దింపకుండానే “నాన్నా, ఆగు” అంది. రౌటర్ అడ్రస్ 192.168.1.1ని పింగ్ చేసింది, అంటే ఉన్నావా అని పిలిచింది, పలికింది. బయట నెట్‌లో గూగుల్ వాళ్ళ నంబరు 8.8.8.8ని చేసింది, పలికింది. సైటు పేరు ఇచ్చి చేస్తే మౌనం. “మావయ్యా, నంబరుతో పిలిస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే పలకట్లేదు. నెట్ ఉంది. పేరు చూసి నంబరు చెప్పేవాడు లేడంతే” అంది.

ఆ చెప్పేవాడి పేరే డీఎన్‌ఎస్. ఆ సెట్టింగు తెరిచి చూస్తే అక్కడ ఎవరో చేత్తో పెట్టినట్టు 10.8.0.1 అని ఉంది. మా ఇంటి నంబరు కాదది. మన నెట్‌ను వేరే చోటి మీదుగా మళ్ళించే ఏదో వీపీఎన్ సొరంగం అవతలి నంబరు. సొరంగం తెరిచి ఉంటేనే అది పలుకుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మన దగ్గర రాని ఒక క్రికెట్ మ్యాచ్ చూడటానికి బావగారే ఆ ప్రోగ్రాం వేశారు. మళ్ళీ ఈ మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు ఇంకో మ్యాచ్ కోసం తెరిచి, కరెంటు పోతే అలాగే వదిలేశారు. పోతూ పోతూ ఆ ప్రోగ్రాం పాత సెట్టింగు తిరిగి పెట్టలేదు. ఆ నంబరు ఎక్కడ కూర్చుందో తెలుసా? మీ దగ్గర కాదు, టెరిడో దగ్గర కాదు, వ్యాన్ కుటుంబంలోనూ కాదు. మేమందరం పేరుపెట్టి పిలిచే, ఎవరూ ఒక్క మాట అనని, సాక్షాత్తూ వైఫై ప్రాపర్టీస్‌లో. ‘ఆటోమేటిక్’ అని పెట్టగానే నెట్ వచ్చింది. బావగారు “నేను అదే చెప్దామనుకుంటున్నా” అన్నారు.

మిమ్మల్ని ఆ రాత్రే తిరిగి ఎనేబుల్ చేశాం. ప్రవచనం సగం నుంచి మొదలైంది. అమ్మ అభ్యంతరం చెప్పలేదు.

ఇంతటితో ముగించేవాణ్ణే గానీ, ఈ ఉదయం ఇంకో సంగతి జరిగింది. బావగారు ఈసారి రౌటర్ పేజీ తెరిచారు. మన వైఫైలో ఎవరెవరు ఉన్నారో అందులో కనిపిస్తుందని ఎదురింటాయన చెప్పారట. అందులో పేరు లేని ఒకడు దొరికాడు. అడ్రస్‌లో రెండో అక్షరం ‘ఎ’. ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి నుంచి ఫోన్లు తమ అసలు అడ్రస్ బయటపెట్టకుండా ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి అడ్రస్ అల్లుకుంటాయని చెప్పబోయాను. ఆయన అప్పటికే ‘బ్లాక్’ నొక్కేశారు.

ప్రస్తుతం ఆయన హాల్లో ఫోన్ పైకెత్తి పట్టుకుని కిటికీల దగ్గరల్లా తిరుగుతున్నారు. ఈసారి ఎవరి మీద అనుమానమో ఇంకా చెప్పలేదు. మీ పేరు వచ్చేలా ఉంటే ముందుగా తెలియజేస్తాను.

ఇట్లు,
అడ్మినిస్ట్రేటర్
(అని తెర మీద రాసి ఉన్నవాడు)